షెల్టర్ నుంచి కుక్కని తెచ్చుకున్నారా? శిక్షణ సంగతి తర్వాత, ముందు దాని రోజు సరిచేయండి

"మా కుక్క అరుపులు ఎలా ఆపాలి?", "సోఫా కింద నుంచి బయటికి రావట్లేదు, ఏం చేయమంటారు?", "మొన్నటిదాకా బాగానే ఉంది, నిన్న మా బాబు మీద గుర్రుమంది, తిరిగి ఇచ్చేయాలా?" షెల్టర్‌తో కాస్త పరిచయం ఉందని తెలిస్తే చాలు, ఇలాంటి ఫోన్లు వస్తూనే ఉంటాయి. అందరికీ ఒక చిట్కా కావాలి, రేపటికల్లా కుక్క కుదురుకోవాలి. నేను మాత్రం ముందు ఎదురు ప్రశ్నలు వేస్తాను. రోజుకి ఎంతసేపు నిద్రపోతోంది? అది పడుకున్న చోటికి వెళ్లి ఎవరైనా కదిలిస్తున్నారా? బయటికి తీసుకెళ్తే వాసన చూడనిస్తున్నారా, లాక్కెళ్తున్నారా? అది తినేటప్పుడు పక్కన ఎవరుంటారు? చాలా ఇళ్లలో అసలు సంగతి ఈ నాలుగింటి దగ్గరే బయటపడుతుంది. కుక్క ప్రవర్తన మారాలంటే ముందు దానికి గడిచే రోజు మారాలి. సిట్, షేక్ హ్యాండ్ ఆరు నెలల తర్వాత నేర్పినా ఏమీ కాదు.

ఏడాది దాటిన కుక్కని షెల్టర్ నుంచో వీధి నుంచో ఫ్లాట్‌లోకి తెచ్చుకున్నవాళ్లని మనసులో పెట్టుకుని రాస్తున్నాను. డబ్బులిచ్చి కొన్న లాబ్రడార్‌కైనా ఇందులో సగానికి పైగా పనికొస్తుంది.

ఎంచుకునేటప్పుడు

షెల్టర్‌లో కెనెల్ (కుక్కల గది) జాలీ ముందు నిలబడి ఐదు నిమిషాల్లో కుక్కని ఎంచుకోవద్దు. అక్కడ కనిపించేది దాని అసలు స్వభావం కాదు. చుట్టూ ఇరవై కుక్కలు అరుస్తుంటే, ఫినాయిల్ వాసన ముక్కు బద్దలు కొడుతుంటే, కొత్త మనిషి ఎదురుగా నిలబడి కళ్లలోకి చూస్తుంటే కొన్ని జాలీ మీద పడి మొరుగుతాయి, కొన్ని మూల చేరి గోడకి తిరిగి పడుకుంటాయి. మీద పడి మొరిగేవాటిలో చాలావరకు బయటికి తీసి రెండు వీధులు తిప్పితే చల్లబడిపోతాయి. కాబట్టి కనీసం రెండుసార్లు వెళ్లండి, బయటికి తిప్పుతామని అడగండి. రోజూ దానికి అన్నం పెట్టే మనిషి ఎవరో కనుక్కుని ఆయనతో మాట్లాడండి, ఆఫీసులో ఫైలు కంటే ఆయనకే ఎక్కువ తెలుసు: ఏ కుక్కతో పడదు, చీపురు చూస్తే బెదురుతుందా, మగవాళ్లంటే భయమా, చెయ్యి గిన్నెలో పెట్టనిస్తుందా. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిందా, రేబిస్ టీకా ఎప్పుడు వేశారు, ఈ రెండూ కాగితం మీద చూపించమనండి.

ఇంకోమాట. ఇంట్లో అందరూ ఒప్పుకున్నాకే తీసుకురండి. నానమ్మకి ఇష్టం లేకుండా తెచ్చిన కుక్క రెండో వారానికి బాల్కనీ పాలవుతుంది. అపార్ట్‌మెంట్ అసోసియేషన్ వాళ్లు అభ్యంతరం చెబుతారన్న టెన్షన్ ఉంటే, పెంపుడు కుక్కల్ని నిషేధించే అధికారం, లిఫ్ట్ ఎక్కించొద్దనే అధికారం అసోసియేషన్లకి లేవని భారత జంతు సంక్షేమ మండలి 2015లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. అవి ప్రింట్ తీసి దగ్గర పెట్టుకోండి. గొడవకి దిగడం కంటే కాగితం చేతిలో పెట్టి మర్యాదగా మాట్లాడితే పని అవుతుంది.

మొదటి మూడు రోజులు ఏమీ చేయకండి

తెచ్చిన రోజే స్నానం, ఫోటోలు, చుట్టాలు, పక్కింటి పిల్లలు. ఇదే మనవాళ్లు చేసే పని, ప్రేమతోనే చేస్తారు. కానీ ఆ కుక్కకి అప్పటికి మీరెవరో తెలియదు, ఇది ఇల్లని తెలియదు, మళ్లీ ఎక్కడికి తీసుకెళ్తారో తెలియదు. స్నానం వారం ఆగుతుంది. ఒంటికి మురికి ఉంటే తడిగుడ్డతో తుడవండి, అదీ తుడవనిస్తేనే.

జనం ఎక్కువ నడవని ఒక మూల చూసి, గోనెసంచి మీద పాత దుప్పటి వేసి, పక్కన నీళ్లు పెట్టండి. అది ఆ కుక్క స్థలం. అందులో ఉన్నప్పుడు పిలవకూడదు, ముట్టకూడదు, పిల్లలు ఆ గీత దాటకూడదు. మంచం కిందో సోఫా కిందో దూరితే అక్కడే ఉండనివ్వండి, చెయ్యి పెట్టి లాగకండి. గిన్నె దగ్గరగా పెట్టి వెనక్కి వచ్చేయండి. కొన్ని కుక్కలు మొదటి రోజు అసలు తినవు, రాత్రి అందరూ పడుకున్నాక వచ్చి తింటాయి. నీళ్లు తాగుతోందా, మూత్రం పోస్తోందా చూసుకోండి. రెండు రోజులు దాటినా తిండి ముట్టకపోతే డాక్టర్‌కి చూపించండి.

ఈ మూడు రోజుల్లో నిజంగా కంగారు పడాల్సింది ఒక్క విషయానికే: పారిపోవడం. కొత్త కుక్క తలుపు సందులోంచి జారిపోతే మీరు పెట్టిన పేరూ మీ వీధీ దానికి తెలియవు, పిలిస్తే రాదు. మెడకి బెల్ట్, దాని మీద మీ ఫోన్ నంబర్ మొదటి గంటలోనే పడాలి. బయటికి తీసుకెళ్లేటప్పుడు ఛాతీకి వేసే హార్నెస్ కూడా వేసి, రెండింటికీ విడివిడిగా తాళ్లు కట్టి పట్టుకోండి, ఎందుకంటే భయపడిన కుక్క వెనక్కి గుంజుకుంటే ఒక్క బెల్ట్ తల మీద నుంచి జారిపోతుంది. గ్యాస్ సిలిండర్ అబ్బాయి వచ్చినప్పుడు, చెత్త బండి వచ్చినప్పుడు కుక్క లోపలి గదిలో ఉండాలని ఇంట్లో అందరికీ ముందే చెప్పండి.

షెల్టర్లవాళ్లు మూడు రోజులు, మూడు వారాలు, మూడు నెలలు అని ఒక లెక్క చెబుతారు. మూడు రోజుల్లో బెదురు కాస్త తగ్గుతుంది, మూడు వారాలకి ఇంటి పద్ధతి అర్థమవుతుంది, మూడు నెలలకి ఇది మన ఇల్లే అనుకుంటుంది. అన్ని కుక్కలూ ఈ లెక్క ప్రకారం నడవవు గానీ, ఓపిక పట్టడానికి పనికొస్తుంది. మూడో వారంలో కొత్త సమస్యలు వస్తే కుక్క చెడిపోయిందని కాదు. అన్నాళ్లూ బిగుసుకుపోయి ఉన్నది ఇప్పుడు తనకేం నచ్చదో చెప్పడం మొదలుపెట్టిందని.

ముట్టుకునే ముందు అడగండి

తల మీద చెయ్యి పెట్టడం మనకి ఆశీర్వాదం, కొత్త కుక్కకి పైనుంచి పడుతున్న చెయ్యి. పక్కకి తిరిగి కూర్చోండి, చెయ్యి మీ మోకాలి దగ్గరే ఉంచండి, అదే రావాలి. వస్తే మెడ పక్కనో ఛాతీ మీదో రెండు మూడు సెకన్లు గోకి ఆపేయండి. మళ్లీ దగ్గరికి జరిగితే, ముక్కుతో చెయ్యి పొడిస్తే కావాలని అర్థం. మొహం తిప్పుకున్నా, మూతి నాక్కున్నా, నిద్ర రాకుండానే ఆవులించినా, ఒళ్లు దులుపుకున్నా వద్దని అర్థం. పిల్లలకి ఈ ఆట నేర్పండి, వాళ్లే మనకంటే బాగా పట్టుకుంటారు.

కోల్‌కతాలోని శాస్త్ర పరిశోధన సంస్థ ఐసర్‌లో అనిందితా భద్ర బృందం ఏళ్ల తరబడి మన వీధి కుక్కలనే గమనిస్తోంది. పరిచయం లేని మనిషి పదే పదే తిండి పెట్టడం కంటే నిమరడం వల్ల వాటికి నమ్మకం ఎక్కువ కుదురుతోందని 2017లో వాళ్లు ప్రచురించిన పరిశోధనలో తేలింది. మారీ బిస్కెట్ ప్యాకెట్ విప్పితేనే కుక్క దగ్గరవుతుందనుకునే మనకి ఇది గుర్తుండాలి. అయితే నిమరడం పనిచేసేది కుక్క తనంతట తాను దగ్గరికొచ్చినప్పుడు.

గుర్రుమంటే తిట్టకండి

ఈ ఒక్కటి గుర్తుపెట్టుకుని మిగతాదంతా మర్చిపోయినా నాకు అభ్యంతరం లేదు.

కుక్క గిన్నెలో తింటోంది, బాబు అటుగా వస్తున్నాడు. దగ్గరుండి చూడండి. ముందు నమలడం ఆగుతుంది, లేదా గబగబా మింగడం మొదలవుతుంది. తల గిన్నె మీదికి ఇంకాస్త వంగుతుంది. మెడ, భుజాలు బిగుసుకుంటాయి. తల కదపకుండా కళ్లు మాత్రం పక్కకి తిరుగుతాయి, కంటి చివర తెల్లగుడ్డు నెలవంకలా కనిపిస్తుంది. ఆ తర్వాత పెదవి లేస్తుంది, అప్పుడు గుర్రుమంటుంది. అంటే గుర్రుమనే లోపు అది ఐదుసార్లు మర్యాదగా చెప్పింది, మనం చూడలేదు. ఇప్పుడు ముక్కు మీద ఒక్కటి వేశామనుకోండి, అది నేర్చుకునేది "బాబు దగ్గరికొస్తే భయపడకూడదు" అని కాదు, "గుర్రుమంటే దెబ్బ పడుతుంది" అని. భయం అలాగే ఉంటుంది, హెచ్చరిక మాత్రం పోతుంది. "ఏ సూచనా లేకుండా కరిచింది" అని చెప్పే కుక్కల్లో చాలా వాటికి ఆ సూచనలు మనమే మాన్పించాం.

మరేం చేయాలి? ఆ క్షణంలో బాబుని వెనక్కి పిలవండి, అంతే. ఆ రోజు నుంచి కుక్కకి తిండి వేరే గదిలో, తలుపు దగ్గరగా వేసి. ఆ తర్వాత పెద్దవాళ్లు ఒకరు ఈ పని మొదలుపెట్టాలి: కుక్క తింటున్నప్పుడు అది బిగుసుకోనంత దూరంలోంచి నడిచి వెళ్తూ, గిన్నెలో ఉన్నదానికంటే రుచికరమైన ముక్క ఒకటి, ఉడికించిన చికెనో గుడ్డో, దాని వైపు విసిరి ఆగకుండా వెళ్లిపోవాలి. కొన్నాళ్లకి మీరు కనిపించగానే తల ఎత్తి తోక వదులుగా ఊపుతుంది. అప్పుడు ఒక్క అడుగు దగ్గరికి. మళ్లీ బిగుసుకుంటే రెండడుగులు వెనక్కి. తింటున్న గిన్నెలో చెయ్యి పెట్టి అలవాటు చేయమని కొందరు సలహా ఇస్తారు. వినకండి, మీ కంచంలో ఎవరో రోజూ చెయ్యి పెడుతుంటే మీకూ చిరాకే. చెప్పులు, రిమోట్ లాంటివి పట్టుకెళ్తే వెంటపడకుండా ఇదే మారకం చేయండి: మంచి ముక్క చూపించి కాస్త దూరంగా వేస్తే అదే వదిలేస్తుంది.

బాబునీ కుక్కనీ ఒకే గదిలో పెద్దవాళ్లు లేకుండా వదలొద్దు, ఎంత మంచి కుక్కయినా సరే. ఒకవేళ పన్ను దిగితే, చిన్న గీత అయినా, పారే నీళ్ల కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. టీకా వేసిన కుక్కే కదా అని ఇంట్లో తేల్చుకోవద్దు, పసుపూ కారం అద్దొద్దు.

వంటింట్లోంచే సగం వైద్యం

ఏం పెట్టాలన్నది డాక్టర్‌ని అడగండి. పెరుగన్నం ఒక్కటే పెడితే మాత్రం చాలదు, గుడ్డో చికెనో ఉండాలి. ఉల్లి, వెల్లుల్లి పడిన కూరలు, కిస్‌మిస్, ద్రాక్ష, చాక్లెట్, ఉడికిన ఎముకలు వద్దు. బిర్యానీ మిగిలిందంటే అది కుక్కకి కాదు.

ఎలా పెట్టాలన్నది ఇంకా ముఖ్యం. వీధిలో తిండి కోసం రోజంతా ముక్కుతో వెతికిన కుక్కకి ఇప్పుడు స్టీలు గిన్నెలో ఒక్క నిమిషంలో భోజనం అయిపోతోంది. మిగిలిన రోజంతా ఏం చేస్తుంది? చెప్పులు కొరుకుతుంది, బాల్కనీలోంచి ప్రతి స్కూటర్ మీదా అరుస్తుంది. డ్రై ఫుడ్ గింజలైతే చాప మీద చల్లండి, వెతుక్కుని తింటుంది. పాత టవల్‌లో గింజలు వేసి చుట్టి ఇవ్వండి. అట్టపెట్టెలో నలిపిన కాగితాల మధ్య ముక్కలు దాచండి, చింపి పోగులు పెడుతుంది, పెట్టనివ్వండి, ఊడ్చుకోవడానికి ఐదు నిమిషాలు. ఇడ్లీ రేకు గుంటల్లో పెరుగు, ఉడికించిన గుమ్మడికాయ మెత్తగా కలిపి రాసి ఫ్రీజర్‌లో పెట్టి ఎండాకాలం మధ్యాహ్నం ఇస్తే చాలాసేపు నాకుతూ కూర్చుంటుంది. నాకడం, నమలడం, వాసన చూడడం, ఈ మూడూ కుక్కని నెమ్మదింపజేస్తాయి. సాయంత్రం పిచ్చెక్కినట్టు పరిగెత్తే కుక్కని బంతి విసిరి ఇంకా రెచ్చగొట్టే బదులు ఇది చేసి చూడండి.

బయట

నడక కుక్క కోసం, మన అడుగుల లెక్క కోసం కాదు. పొడుగు తాడు వేసి, స్తంభం దగ్గర ఆగితే ఆగండి. అర కిలోమీటరు ముక్కు నేలకి ఆనించి నడిచిన కుక్క, రెండు కిలోమీటర్లు లాక్కెళ్లిన కుక్క కంటే ఇంటికొచ్చి బాగా పడుకుంటుంది. ఏప్రిల్, మే నెలల్లో పొద్దున్నే ఎండ ఎక్కకముందు, రాత్రి రోడ్డు చల్లారాక. అరచేతి వెనక భాగం తారు రోడ్డు మీద ఐదు సెకన్లు ఆనించి ఉంచలేకపోతే దాని పాదాలకీ వేడే.

మన ఊళ్లలో అసలు సమస్య వీధి కుక్కలు. మీ గేటు బయట ఉన్న నాలుగింటికీ మీది కొత్తగా వచ్చిన కుక్క. వాటిని రాళ్లతో తరిమితే రేపటి నుంచి మీ కుక్క కనిపించగానే గొడవే. వాటికి అన్నం పెట్టేవాళ్లు వీధిలో ఒకరుంటారు, వాళ్లని కలిసి ఏ పూట పెడతారో కనుక్కుని ఆ సమయానికి వెళ్లకండి. దూరంగా ఒక వంపు తిరిగి వెళ్లండి, ఎదురెదురుగా వెళ్లడం కుక్కల లెక్కలో తగవుకి పిలవడమే. మీదికొస్తే పరిగెత్తొద్దు, మీ కుక్కని వెనక్కి తెచ్చి మీరు మధ్యలో నిలబడి, జేబులోని గింజలు వాటి ముందు నేల మీద చల్లి నెమ్మదిగా తప్పుకోండి. ఆపరేషన్ చేసిన వీధి కుక్కకి చెవి అంచు కత్తిరించి గుర్తు పెడతారు. ఆ గుర్తు లేనివి ఎక్కువగా ఉంటే మున్సిపాలిటీకి ఫిర్యాదు చేసి చేయించండి, వీధికీ మీ కుక్కకీ మేలు.

ఇంట్లో మూత్రం పోస్తే ముక్కు రుద్దడం, చీపురు చూపించడం మానేయండి. నిద్ర లేవగానే, తినగానే, ఆడగానే బయటికి, బయట పోసిన వెంటనే మెచ్చుకోలు, ముక్క. తడిసిన చోట ఫినాయిల్ కాకుండా ఎంజైమ్ క్లీనర్ వాడండి, వాసన మిగిలితే మళ్లీ అక్కడే పోస్తుంది.

ఒంటరిగా ఉండడం

మీరు ఆఫీసుకి వెళ్లగానే ఊళ వేస్తోందని కింది ఫ్లాట్‌వాళ్లు చెబితే, ముందు ఫోన్ కెమెరా పెట్టి చూడండి. అరగంట తర్వాత విసుగొచ్చి చెప్పు కొరకడం వేరు, మీరు తలుపు వేసిన నిమిషంలోనే తలుపు గీకుతూ, చొంగ కారుస్తూ, అటూ ఇటూ తిరగడం వేరు. మొదటిదానికి టవల్ చుట్టలు చాలు. రెండోది భయం, దానికి మెల్లగా పని చేయాలి. తాళంచెవులు తీసి జేబులో వేసుకుని మళ్లీ కూర్చోండి. చెప్పులు వేసుకుని వంటింట్లోకి వెళ్లండి. ఇవి పట్టించుకోవడం మానేశాక తలుపు తీసి బయట పది సెకన్లు, తర్వాత అర నిమిషం, అది కంగారు పడకముందే వెనక్కి. వచ్చాక పెద్ద సంబరం వద్దు. ఈ పని సాగుతున్నన్నాళ్లూ దాన్ని నిజంగా గంటల తరబడి వదలకుండా పక్కింటి ఆంటీనో, ఇంటి నుంచి పనిచేసే తమ్ముడినో సాయం అడగాలి. ఇదే కష్టమైన భాగం, అందుకే తెచ్చుకునే ముందే సెలవు పెట్టుకోండి. బాత్‌రూమ్‌లో పెట్టి గొళ్లెం వేస్తే గోళ్లు ఊడేదాకా తలుపు గీకుతుంది.

గొలుసుతో కట్టేయడం కూడా పరిష్కారం కాదు. పొట్టి గొలుసుతోనో బరువైన గొలుసుతోనో గంటల తరబడి కట్టి ఉంచడం, ఎప్పుడూ కట్టేసే కుక్కని తిప్పకపోవడం 1960 జంతు హింస నివారణ చట్టం కింద నేరాలు. మెడ బిగిసే చైన్, షాక్ కాలర్ లాంటివి అమ్మేవాళ్లు "కుక్కకి మనమే లీడర్ అని తెలియాలి" అంటారు. ఆ లీడర్ మాట 1947లో శాస్త్రవేత్త రుడాల్ఫ్ షెంకెల్ బంధించి ఉంచిన తోడేళ్ల మీద రాసిన పేపర్ దగ్గర్నుంచి వచ్చింది. అడవిలో తోడేళ్ల గుంపు అంటే లీడర్ కోసం కొట్లాడుకునే ముఠా కాదు, మామూలుగా తల్లీ తండ్రీ పిల్లలే అని డేవిడ్ మెక్ లాంటి శాస్త్రవేత్తలు తర్వాత స్పష్టంగా చెప్పారు.

టపాసుల భయానికి దీపావళికి ముందే డాక్టర్‌ని కలిసి, అవసరమైతే మందు రాయించుకోండి. ఆ సాయంత్రం చీకటి పడకముందే నడక ముగించి, లోపలి గదిలో ఫ్యాన్, టీవీ వేసి పక్కన కూర్చోండి. దగ్గరికి తీసుకుంటే భయం పెరుగుతుందన్నది అపోహ, నిశ్చింతగా తీసుకోండి.

బాగున్న కుక్క ఉన్నట్టుండి మారిపోతే, ముట్టుకుంటే కరవబోతే, అది మొండితనం అనుకునే ముందు నొప్పి ఉందేమో చూడండి. చెవుల్లో, వేళ్ల సందుల్లో పిడుదులు వెతకండి, కొన్ని ఊళ్లలో గోమార్లంటారు. వాటివల్ల వచ్చే జ్వరం మన దగ్గర మామూలే, కుక్క తిండి మానేసి నీరసంగా పడి ఉంటుంది. మనుషుల పారాసిటమాల్, ఐబుప్రోఫెన్ సొంతంగా ఇవ్వొద్దు.

తెచ్చుకోలేనివాళ్లు ఆదివారం గంట ఇవ్వొచ్చు

షెల్టర్‌కి వెళ్లి ఏం చేయాలో తెలియక చాలామంది బియ్యం మూట ఇచ్చి వచ్చేస్తారు. బియ్యం కావాలి, మీరూ కావాలి. భయపడే కుక్క కెనెల్‌లోకి సిబ్బందిని అడిగి వెళ్లి, దానికి పక్కగా తిరిగి కూర్చుని, దాన్ని చూడకుండా ఫోన్‌లో ఏదో చదువుకోండి. మేం వెళ్లే చోట ఒక గోధుమరంగు ఆడకుక్క మనిషి వీపు తిప్పితే గానీ తినేది కాదు. ఒకమ్మాయి అలా కూర్చోగా కూర్చోగా ముందు ఆమె చున్నీ అంచు వాసన చూసింది, ఆ తర్వాత చాలా వారాలకి ఆమె చెప్పు మీద గడ్డం ఆనించి పడుకుంది. అప్పటిదాకా ఆ అమ్మాయి దాన్ని ముట్టుకోలేదు.

మొరిగే వరసలో నడుస్తూ, నిశ్శబ్దంగా ఉన్న క్షణంలో ప్రతి జాలీ లోపలికీ ఒక గింజ వేస్తూ వెళ్లండి. సందర్శకులు వచ్చే సమయానికి ఆ వరస నెమ్మదిగా ఉంటే దత్తతలూ పెరుగుతాయి. చిన్న స్పీకర్ ఇస్తే నెమ్మదైన వాద్య సంగీతం పెట్టమనండి: బెల్‌ఫాస్ట్‌లో డెబొరా వెల్స్ బృందం 2002లో చూసినప్పుడు శాస్త్రీయ సంగీతానికి షెల్టర్ కుక్కలు ఎక్కువసేపు ప్రశాంతంగా పడుకున్నాయి, హెవీ మెటల్‌కి ఎక్కువ మొరిగాయి. వీలైతే ఒకటి రెండు రాత్రులు కుక్కని ఇంటికి తీసుకెళ్లండి. అమెరికాలో ఐదు షెల్టర్లలో లీసా గంటర్ బృందం 2019లో పరిశీలిస్తే, అలా ఇంట్లో పడుకున్న రాత్రుల్లో కుక్కల ఒత్తిడి హార్మోన్ కార్టిసాల్ తగ్గింది. తిరిగి వచ్చాక పెరిగినా, వెళ్లకముందున్న స్థాయిని మించలేదు. ఇంటికి తీసుకెళ్లి మళ్లీ వదిలితే ఇంకా బాధపడుతుందేమోనని వెనకాడేవాళ్లకి ఇది చెప్పండి.

తిరిగి ఇచ్చేటప్పుడు ఒక కాగితం రాసివ్వండి. లిఫ్ట్ ఎక్కిందా, పిల్లిని చూసి ఏం చేసింది, రాత్రి ఎక్కడ పడుకుంది, కుక్కర్ విజిల్‌కి బెదిరిందా, ఎన్ని గంటలకి మూత్రానికి అడిగింది. కెనెల్‌లో ఎన్నేళ్లున్నా ఈ సంగతులు ఎవరికీ తెలియవు, దాన్ని తీసుకెళ్లబోయే కుటుంబం మొదట అడిగేవి ఇవే.